నా గురించి 2,600 అక్షరాలు

12 ఫిబ్రవరి 2025, బుధవారం

ఈ వారం కూడా బీ షిఫ్టు లేదని మా హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్ గేటు దగ్గర నోటీసు అంటించారు. ఫర్నేసు ఆర్పలేదు. వేడి తగ్గించి, సరుకు లేకుండా ఊరికే నిలబెట్టి కాపలా కాస్తున్నాం. కరెంటు బిల్లు మాత్రం ఊరికే నిలబడదు. ఓనరు ముఖం చూస్తే ఆ లెక్క తెలుస్తూనే ఉంది.

ఏప్రిల్‌లో ఆర్డర్లు పుంజుకుంటాయంటున్నాడు. 2019లోనూ ఇదే మాట విన్నాం. ట్రక్కుల అమ్మకాలు పడిపోయిన ఆ ఏడాది జంషెడ్‌పూర్‌కి ఖర్కాయి నది అవతలున్న ఆదిత్యపూర్‌లో షెడ్డు తర్వాత షెడ్డుకి తాళం పడటం కళ్లారా చూశాను. ఇక్కడ వెయ్యికి పైగా యూనిట్లున్నా చాలావాటికి తిండి పెట్టేది ట్రక్కే. పెద్ద ట్రక్కు కంపెనీ లైను నాలుగు రోజులు ఆగితే చిన్న షెడ్డుకి పది రోజులు పస్తు.

వేరేచోట చూసుకుంటానని మా ఆయనతో అన్నాను. "చూడు" అన్నారు, అంతే. రాత్రి బెంగుళూరులో ఉన్న మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడమే వాడి ఉద్యోగం. రెజ్యూమే పంపుతానంటే, "అది తర్వాత చూద్దాం అత్తా, ముందు నీ లింక్డిన్ పంపు" అన్నాడు. 2014లో మళ్లీ ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరో పెట్టించిన ఖాతా ఒకటుంది. పేరు, కంపెనీ, మెటలర్జీ డిప్లొమా. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ.

16 ఫిబ్రవరి, ఆదివారం

మేనల్లుడు వీడియో కాల్‌లో తన ల్యాప్‌టాప్ తెర చూపించాడు. మనం చూసే లింక్డిన్ వేరు, వాళ్లు డబ్బు కట్టి వాడేది వేరు. మనకి కనిపించేవి అభినందనలు, అవార్డులు, ఫోటోలు. వాళ్లకి అదొక పెద్ద జల్లెడ. హోదా, నైపుణ్యం, ఊరు, ఎన్నేళ్ల అనుభవం అని గడులుంటాయి. ఒక్కో గడిలో మాట పడేకొద్దీ లక్షలమంది వేలవుతారు, వేలమంది పదులవుతారు. మన దేశం నుంచే 10 కోట్ల మందికి పైగా అందులో ఉన్నారట. ఆ చివరి పదుల్లో ఉంటేనే ఎవరైనా మన పేరు మీద నొక్కుతారు.

"నీలాంటి వాళ్లు కావాలని పుణె కంపెనీ అడిగిందనుకో" అంటూ వెతకడం మొదలెట్టాడు. హీట్ ట్రీట్‌మెంట్. గ్యాస్ కార్బురైజింగ్. సీక్యూఐ-9. పుణె, చెన్నై, రాజ్‌కోట్, లుధియానా వాళ్ల ముఖాలు వరసగా వచ్చాయి. నేను లేను. సీక్యూఐ-9 అంటే బండ్ల కంపెనీలు హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్ని తూచే లెక్కల పుస్తకం. ఫర్నేసులో అన్ని మూలలా వేడి సమంగా ఉందా, థర్మోకపుల్ చెప్పేది నిజమేనా, ఎవరు ఎప్పుడు చూశారు అని ఏడాదికోసారి మన షాపుని మనమే ఆడిట్ చేసుకుని చూపించాలి. మా యూనిట్లో ఆ ఫైలు నింపేది నేనే. కస్టమర్ ఆడిటర్ వస్తే ఆయన ముందు కూర్చునేదీ నేనే. ఆ మాట నా ప్రొఫైల్లో ఎక్కడా లేదు కనక ఆ పని నేను చేయనట్టే.

తర్వాత నా హోదా కొట్టాడు, ల్యాబ్ ఇన్‌చార్జి అని. డయాగ్నస్టిక్ సెంటర్ల వాళ్లు బిలబిలమంటూ వచ్చేశారు. "చూశావా అత్తా, నీకు రక్తపరీక్షల ఉద్యోగాలొస్తాయి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అది యూనిట్ వాళ్లు ఐడీ కార్డు మీద వేసిన హోదా. ఊళ్లో ఆ కార్డు చూసినవాడికి నేనేం చేస్తానో తెలుసు. ఊరు దాటితే తెలియదు.

పేరు కింద ఉండే వరసని హెడ్‌లైన్ అంటారు. 220 అక్షరాలు పడతాయి. మనం ఏమీ రాయకపోతే హోదానీ కంపెనీ పేరునీ అదే అతికించేస్తుంది. వెతికినప్పుడు రిక్రూటర్‌కి ముందుగా కనిపించేవి ఫోటో, ఈ వరస, ఇప్పటి ఉద్యోగం, ఊరు. పడుకునేముందు కూర్చుని రాశాను: హీట్ ట్రీట్‌మెంట్ మెటలర్జిస్ట్, గ్యాస్ కార్బురైజింగ్, ఇండక్షన్ హార్డెనింగ్, సీక్యూఐ-9, ఐఏటీఎఫ్ 16949, గేర్లు, షాఫ్టులు. విశేషణం ఒక్కటీ పెట్టలేదు. వాడికి పంపితే బొటనవేలు బొమ్మ పెట్టాడు.

18 ఫిబ్రవరి, మంగళవారం

ఓనరు తమ్ముడి కొడుకు కూడా లింక్డిన్‌లో ఉన్నాడు. అందుకే ముందు సెట్టింగులు సరిచేశాను. ప్రొఫైల్లో చేసే మార్పులు అందరికీ చాటే మీట ఒకటుంది, అది ఆపేశాను. ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే "ఓపెన్ టు వర్క్"లో రెండు దారులు. ఫోటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ పెట్టుకుని అందరికీ చెప్పడం ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే కనపడేలా పెట్టుకోవడం ఇంకొకటి. రెండోదే పెట్టుకున్నాను. మన సొంత కంపెనీ రిక్రూటర్ల కంట పడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి హామీ ఇవ్వలేమని కూడా అక్కడే రాసుంది. ఆ మాత్రం నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఏ ఊళ్లలో పనిచేయడానికి సిద్ధమో అదే చోట అడుగుతుంది. జంషెడ్‌పూర్, పుణె, చెన్నై, హోసూరు, శ్రీసిటీ రాశాను. హోసూరు రాసేటప్పుడు పాప వెనకనుంచి చూసి "అదెక్కడ?" అంది.

23 ఫిబ్రవరి, ఆదివారం

"నా గురించి" అనే భాగం. 2,600 అక్షరాల దాకా రాసుకోవచ్చు. పొద్దుటినుంచి ఒక్క వాక్యం నిలవలేదు.

మేనల్లుడు తొందరపెట్టి ఏదో ఏఐకి చెప్పి రాయించి పంపాడు. అందులో నేను డైనమిక్, రిజల్ట్ ఓరియెంటెడ్, ఉక్కు మీద ప్యాషన్ ఉన్న ప్రొఫెషనల్. ఉక్కు మీద ప్యాషన్ ఏమిటి నా తలకాయ! మూడు తరాలుగా దాని మీద అన్నం తింటున్నాం. ఆ పేరా మా యూనిట్ క్యాంటీన్ వాడికి తగిలించినా సరిపోతుంది, "ఉక్కు" బదులు "సమోసా" అంటే చాలు.

అసలు ఈ ఊళ్లో ఎవరికీ తన గురించి తాను చెప్పుకునే అవసరం పడలేదు. 1907లో ఉక్కు కంపెనీ పెట్టి, 1912లో మొదటి ఉక్కు దిమ్మ తీశాక, ఊరివాడు ఊరివాణ్ణి తెచ్చుకున్నాడు. మా తాత టెక్కలి వైపునుంచి వచ్చినప్పుడు ఆయన అర్హత "ఫలానా వాళ్ల బావమరిది". మా నాన్న కంపెనీలో క్రేన్ ఆపరేటర్. పనిచేసేవాళ్ల పిల్లల పేర్లు రిజిస్టర్ చేయించుకుని, పరీక్ష పెట్టి తీసుకునే పద్ధతిలో లోపలికి వెళ్లారు. ఆయన్ని ఎవరైనా పరిచయం చేసుకోమంటే పేరు, డిపార్ట్‌మెంటు, పర్సనల్ నంబరు చెప్పేవారు. అంతకంటే చెప్పడం ఆయన దృష్టిలో డప్పు కొట్టుకోవడం. ఆ రోజుల్లో లోపల డెబ్భై వేల పైచిలుకు మంది ఉండేవారు. 90ల నుంచి ఆ సంఖ్య తగ్గుతూనే వచ్చింది. నాలాంటి వాళ్లం ఖర్కాయి దాటి ఆదిత్యపూర్ షెడ్లలో చేరాం. అక్కడ కూడా ఉద్యోగం మాటసాయంతోనే దొరికింది. మనుషుల్ని ఎలా ఎంచుకోవాలో దేశానికే నేర్పే ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ 1949 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. ఆ గోడ పక్కనుంచి వెళ్లే సగంమందిమి సిఫారసు మీద ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లమే.

కాబట్టి నా చెయ్యి ఆడకపోవడంలో వింతేమీ లేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. కానీ లాగ్‌బుక్ రాయడం చేతనవును. షిఫ్టు అయ్యాక రోజూ రాసేదే. చార్జి నంబరు, గ్రేడు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు, హార్డ్‌నెస్ ఎంత, ఏం తేడా వచ్చింది, ఏం చేశాం. అందులో విశేషణానికి చోటుండదు. "నా గురించి" కూడా అలాగే రాస్తే ఎలా ఉంటుందో చూడాలి.

2 మార్చి, ఆదివారం

రేపు ఉక్కు కంపెనీ ఫౌండర్స్ డే. జూబిలీ పార్కులో దీపాలు వెలిగించారు. పాపని తీసుకెళ్లాం. ఇసకేస్తే రాలనంత జనం.

ఫోటో పని మధ్యాహ్నమే అయిపోయింది. షాపులోకి ఫోన్ తేనివ్వరు కనక ఫర్నేసు పక్కన దిగడమనే మాటే లేదు. పెళ్లి ఫోటోలోంచి కత్తిరించినది వద్దన్నాడు మేనల్లుడు, పక్కనున్నవాళ్ల భుజం కనిపిస్తోందట. డాబా మీద, తెల్లగోడ ముందు, ఎండ సూటిగా పడనిచోట పాప తీసింది. కాటన్ చీర. వేలిగోరంత గుండ్రంలో చూస్తారు కాబట్టి ముఖం స్పష్టంగా ఉంటే చాలు.

9 మార్చి, ఆదివారం

పాత లాగ్‌బుక్ జెరాక్సులు తీశాను. ఏ పని గురించి రాయాలని చూస్తే 2021 వానాకాలం దొరికింది.

ట్రక్కు గేర్‌బాక్సులోకి వెళ్లే గేర్లు. 20ఎంఎన్‌సీఆర్5 ఉక్కు, 920 డిగ్రీల్లో కార్బన్ పట్టించి, అంటే కార్బురైజ్ చేసి, నూనెలో ముంచుతాం. పైన గట్టిదనం 58 నుంచి 62 హెచ్ఆర్‌సీ రావాలి. జులైలో కొన్ని పళ్ల మీద 52 వచ్చింది. ఇంకో పన్ను మీద 60. ఒకే గేరు మీద అక్కడక్కడా మెత్తటి మచ్చలు. అందరూ ఫర్నేసు వాతావరణం మీద పడ్డారు, కార్బన్ పొటెన్షియల్ తక్కువైందని. కార్బన్ తక్కువైతే గేరంతా మెత్తగా రావాలి కదా, మచ్చలు ఎందుకొస్తాయి? బుట్టలో ఏ వరస గేరుకి ఎంత వచ్చిందో రాసి చూశాను. చెడ్డవన్నీ కింది వరసలోవే. నూనె ట్యాంకులో అడుక్కి చేరేది ఏమిటి? నీళ్లు.

హాట్‌ప్లేట్ మీద చిన్న రేకు మూత పెట్టి, ట్యాంకు అడుగునుంచి తీసిన నూనె నాలుగు చుక్కలు వేశాను. చిటపటలాడింది, తిరగమోతలో తడి కరివేపాకు పడ్డట్టు. పైనుంచి తీసిన నూనె వేస్తే చప్పుడు లేదు. క్రాకిల్ పరీక్ష అంటే ఇదే. నూనెను చల్లార్చే కూలర్లో నీళ్ల గొట్టం సన్నగా కారుతోంది. క్వెంచ్ ఆయిల్లో నీళ్లు 0.1 శాతం చేరినా ప్రమాదమే. మెత్తటి మచ్చలతో పోకుండా పగుళ్లూ రావొచ్చు, నూనె పొంగి అంటుకోనూవచ్చు. మూడు రోజులు ఫర్నేసు ఆపించాను. కూలర్ తీసేసి గాలితో చల్లార్చేది పెట్టించడానికి ఓనర్ని ఒప్పించడం మాత్రం నీళ్లు కనిపెట్టడం కంటే కష్టమైంది.

ఇదంతా ప్రొఫైల్లో నాలుగు వాక్యాల్లో రాశాను. "కనిపెట్టాం", "మార్చాం", "తగ్గించాం". మేనల్లుడు ఫోన్ చేసి, "ఈ 'మేము' ఎవరత్తా? వాళ్లు ఉద్యోగం ఇచ్చేది ఒక్క మనిషికి. నువ్వేం చేశావో చెప్పు" అన్నాడు.

వాడు చెప్పిందీ నిజమే. కానీ ట్యాంకులో నురుగు ఎక్కువొస్తోందని మొదట అన్నది నేను కాదు, ఆపరేటర్. చాయిబాసా నుంచి రోజూ వచ్చే మనిషి. అతని పేరు ఏ ప్రొఫైల్లోనూ ఉండదు, అతనికి స్మార్ట్ ఫోనే లేదు. "నేను కనిపెట్టాను" అని మొత్తం నా ఖాతాలో వేసుకుంటే నాకు నిద్రపట్టదు. "మేము" అని రాస్తే నేను అక్కడ నిలబడి చూస్తూ ఉన్నదాన్నవుతాను. గంటసేపు కొట్టుమిట్టాడి ఇలా తేల్చాను: ఆపరేటర్ గమనించిన నురుగు ఆధారంగా, బుట్టలో వరసలవారీగా హార్డ్‌నెస్ పటం గీసి, ఆయిల్లో నీళ్లున్నాయని క్రాకిల్ పరీక్షతో నిర్ధారించాను, ఎయిర్ కూలర్ పెట్టించాను, ఏడాది తిరిగేసరికి ఈ లోపంతో వెనక్కొచ్చే సరుకు మూడోవంతుకి తగ్గింది. ఎవరి పని వాళ్లకి దక్కింది.

మూడోవంతు అని మాత్రమే రాయడానికి కారణముంది. ఎన్ని గేర్లు, ఏ కస్టమర్, ఎన్ని లక్షలు అనేవి యూనిట్ లెక్కలు, వాటిని బజార్లో పెట్టే హక్కు నాకు లేదు. డ్రాయింగ్ నంబరూ అంతే. నిష్పత్తి చెబితే పని తెలుస్తుంది, గుట్టు బయటపడదు. ఆడిటర్లతో ఏళ్లతరబడి మాట్లాడితే ఏది చెప్పొచ్చో ఏది చెప్పకూడదో దానంతటదే అలవడుతుంది.

15 మార్చి, శనివారం

నిన్నటి హోలీ రంగు గోళ్లలోంచి ఇంకా వదల్లేదు.

2012 నుంచి 2014 దాకా ఖాళీ. పాప ఇంకా చిన్నది, అదే సమయానికి అత్తగారికి పక్షవాతం వచ్చింది. రెజ్యూమేలో ఆ రెండేళ్లూ కనపడకుండా నెలలు తీసేసి ఏళ్లు మాత్రమే వేయమని ఒకావిడ సలహా ఇచ్చింది. ఎందుకు దాయాలి? లింక్డిన్‌లో 2022 నుంచి "కెరీర్ బ్రేక్" అని విడిగా గడే ఉంది. పిల్లల పెంపకం, ఇంట్లోవాళ్ల సంరక్షణ, ఆరోగ్యం, చదువు, ఏది కారణమైతే అది ఎంచుకోవచ్చు. సంరక్షణ అని పెట్టాను. వివరం రాయలేదు. ఇంటర్వ్యూలో అడిగితే చెబుతాను. అడగనివాళ్లకి అక్కర్లేదు.

నైపుణ్యాల జాబితాలో ఎవరో నన్ను "లీడర్‌షిప్"కి ఎండార్స్ చేసి ఉన్నారు. చూస్తే మా పిన్ని కూతురు! విశాఖలో బ్యాంకు ఉద్యోగి, ఫర్నేసు ఎప్పుడూ చూడలేదు. తీసేశాను. నైపుణ్యాలు పదుల సంఖ్యలో పెట్టుకోవచ్చు గానీ నేను పెట్టింది నిలబడి జవాబు చెప్పగలిగినవే. ఎమ్మెస్ ఆఫీస్ కూడా పీకేశాను. 2025లో దాన్ని నైపుణ్యమని రాసుకోవడం ఈత వచ్చని చేప చెప్పుకున్నట్టు అంటాడు మా వాడు.

22 మార్చి, శనివారం

మొదటి సందేశం వచ్చింది! దుబాయి ఉక్కు కంపెనీ, క్వాలిటీ మేనేజర్, జీతం నేను కలలో కూడా అనుకోనంత. ఇంటర్వ్యూ లేదు. "డాక్యుమెంట్ వెరిఫికేషన్" కోసం 8,500 రూపాయలు పంపాలట. ఫోన్ మోసాలకి పేరుపడ్డ జామ్‌తాడా ఉన్న రాష్ట్రంలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ పాఠం కొత్తగా చెప్పాలా. పంపినవాడి ప్రొఫైల్ చూస్తే పోయిన నెల తెరిచింది, పరిచయస్తులు ముప్పైమంది లేరు, ఫోటో ఎక్కడో మోడల్‌ది. రిపోర్ట్ కొట్టాను.

ఆ కోపంతోనే నా ఖాతా వెరిఫికేషన్ పూర్తిచేశాను. డిజిలాకర్ ద్వారా గుర్తింపు చూపిస్తే పేరు పక్కన చిన్న గుర్తు వస్తుంది. నన్ను చూసేవాళ్లకీ నేను నిజం మనిషినని తెలియాలిగా.

30 మార్చి, ఆదివారం, ఉగాది

వేపపువ్వు సోనారీ నుంచి తెచ్చారు మా ఆయన. అక్కడే ఉంటారు మా పాత బాస్ దాదా. పచ్చడి డబ్బా పట్టుకుని ఇద్దరం వెళ్లాం. దాదా బెంగాలీ, కానీ ఏటా మా పచ్చడికి ఎదురుచూస్తారు.

లింక్డిన్‌లో రెండు మాటలు రాసిపెట్టమని అడిగాను. మనతో పనిచేసినవాళ్లు మన గురించి రాసే రికమెండేషన్ అన్నమాట. ఎండార్స్‌మెంట్‌లా ఒక్క నొక్కుతో అయిపోదు, కూర్చుని రాయాలి. అలా రాయాలంటే ఆయనకీ ఖాతా ఉండాలి. రిటైరై ఆరేళ్లయిన మనిషికి ఇప్పుడు ఖాతా! మనవడు పక్కన కూర్చుని తెరిచిపెట్టాడు. హెడ్‌లైన్ దగ్గర ఏం పెట్టాలని అడిగితే "రిటైర్డ్, ఆరోగ్యం బాగుంది" అన్నారు. మనవడు అదే పెట్టేశాడు. ఇంకా అలాగే ఉంది.

రాత్రి ఆయన రాసింది వచ్చింది. నాలుగే వాక్యాలు. ఈమె చార్జి నంబరు చూడకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టదు. ఒకసారి నెలాఖరున నేను సరుకు వదిలేయమన్నాను, వదల్లేదు. ఆ సరుకు తర్వాత మళ్లీ కొలిస్తే ఈమె చెప్పిందే నిజమైంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. అంతే, ఇంకేమీ లేదు. మేనల్లుడికి చూపిస్తే "ఇది ఎవరూ పెట్టించుకోలేరు అత్తా" అన్నాడు.

6 ఏప్రిల్, ఆదివారం, శ్రీరామనవమి

బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో కల్యాణం. బయట అఖాడాల జెండాలు, డోళ్లు. లోపల పానకం, వడపప్పు, శ్రీకాకుళం యాస.

పానకం గ్లాసు చేతికిస్తూనే కద్మా బాబాయి, "ఏమే, కంపెనీ మారిపోతన్నావంట?" అన్నాడు. లింక్డిన్‌లో అన్ని మీటలూ చూసి మరీ ఆపాను. కద్మా మార్కెట్లో మా ఆయన చెప్పారట, ఎవరో అడిగితే. ఆ గేటుకి సెట్టింగు లేదు. బాబాయి ఊరుకోక, పుణెలో తన తోడల్లుడి కొడుకు పెద్ద పొజిషన్లో ఉన్నాడని, "నీ బయోడేటా ఇచ్చెయ్, చెప్పిస్తాను" అన్నాడు. కాదనలేదు. సిఫారసు తప్పని నేననుకోను. బాబాయికి నా పని తెలియదు, నేను ఎవరి మనవరాలినో తెలుసు. పాతికేళ్ల కిందట అది చాలేది. ఇప్పుడు ఆ తోడల్లుడి కొడుకు కూడా ఫోన్ పెట్టేసిన నిమిషానికి నా పేరు లింక్డిన్‌లో కొట్టి చూస్తాడు. అందుకని బాబాయికి లింకే పంపాను. "ఇదేటిది, నొక్కితే నీ ఫోటో వస్తంది" అని మెసేజ్ పెట్టాడు.

13 ఏప్రిల్, ఆదివారం

అప్పుడప్పుడూ పోస్టులు పెట్టమంటాడు మేనల్లుడు. పెట్టేవాళ్లవి చూశాను. ప్రతివాడూ ఏదో ఒకటి "ప్రకటించడానికి పులకించిపోతూ" ఉంటాడు. ఒకాయన తన కారు పంచరైతే దానిలోంచి నాయకత్వం గురించి అయిదు పాఠాలు తీశాడు. నావల్ల కాదు.

పని గురించైతే రాయగలను. క్రాకిల్ పరీక్ష గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు రాశాను. నూనె ఎక్కడినుంచి తీయాలి, ఎందుకు అడుగునుంచే తీయాలి, హాట్‌ప్లేట్ దగ్గర ముఖం ఎంత దూరంలో పెట్టాలి. లైకులు పదకొండు. అందులో మా ఇంటివాళ్లే నలుగురు.

పన్నెండోవాడు లైక్ కొట్టకుండా తగువుకి దిగాడు. హోసూరులో గేర్ల కంపెనీ, హీట్ ట్రీట్‌మెంట్ హెడ్. చిటపట చప్పుడు వచ్చేసరికే ఆలస్యమైపోతుందండీ, 0.05 శాతం కంటే తక్కువ నీళ్లు దానికి దొరకవు, నీళ్లని కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో కొలవాలి అన్నాడు. నేను ఊరుకుంటానా? ఆదిత్యపూర్ షెడ్లో కార్ల్ ఫిషర్ పెట్టుకునే స్తోమత ఎవరికుంది, నెలకోసారి బయట ల్యాబ్‌కి పంపి చేయిస్తాం, కానీ నీళ్లు కారడం నెలకోసారి మొదలవదు కదా, షిఫ్టుకోసారి క్రాకిల్ చేస్తే రాత్రి కారిన గొట్టం తెల్లారేసరికి దొరుకుతుంది, రెండూ కావాలి అని రాశాను. అతను ఒప్పుకోలేదు. కూలర్లో ప్రెషర్ తేడా కొలిచే స్విచ్ పెడితే రెండూ అక్కర్లేదట. నూనె వైపు ప్రెషర్ ఎప్పుడూ నీళ్ల వైపు కంటే ఎక్కువ ఉండేలా చూస్తే, చిల్లు పడ్డా నూనె బయటికి పోతుందే తప్ప నీళ్లు లోపలికి రావు. ఈ మాట బాగుంది. పంపు ఆగినప్పుడు ఏం చేస్తారని అడిగాను. జవాబు రాలేదు ఇంకా.

20 ఏప్రిల్, ఆదివారం

జవాబు వచ్చింది, ఈసారి విడిగా. పంపు ఆగినప్పుడు వాల్వు మూసుకునే ఏర్పాటుందట, బొమ్మ గీసి పంపాడు. కింద తెలుగులో రాశాడు, "మీరు తెలుగువారని పేరు చూసి అనుకున్నాను, మాదీ తెలుగే, ఇక్కడ మనవాళ్లు చాలామంది". తన దగ్గర సీక్యూఐ-9 చూసుకునే మనిషి మానేశాడని, ప్రొఫైల్ చదివానని, ఆ పాత బాస్ గారి నాలుగు వాక్యాలు తమ హెచ్ఆర్‌కి కూడా చూపించానని, గురువారం ఒక గంట మాట్లాడగలరా అని.

సంబరంతో మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు, "జీతం మాట ముందు వాళ్ల నోట రానివ్వు అత్తా. ఇప్పుడెంత వస్తోందని అడిగితే, ఎంత ఆశిస్తున్నానో చెబుతానను" అన్నాడు. హోసూరు బెంగుళూరుకి 40 కిలోమీటర్లే, శని ఆదివారాలు నేనే వచ్చి చూస్తాను అని కూడా అన్నాడు. ఆ మాటకి మా ఆయన పేపరు దించారు.

పాప పదోతరగతిలోకి వచ్చింది. వచ్చే మార్చిలో బోర్డు పరీక్షలు. అప్పటిదాకా ఇల్లు కద్మా నుంచి కదిలే ప్రసక్తి లేదు. నేనొక్కదాన్ని కదలాలంటే అత్తగారి మందులు ఎవరు చూస్తారు, ఆయన నైట్ షిఫ్టు రోజుల్లో పాప దగ్గర ఎవరు పడుకుంటారు అన్నవి తేలాలి. వదిన రాగలదేమో రేపు అడగాలి.

గురువారం నేను అడగాల్సినవి రాసిపెట్టుకున్నాను. ఫర్నేసులు సీల్డ్ క్వెంచా, కంటిన్యువస్సా? టెంపరేచర్ యూనిఫార్మిటీ సర్వే వాళ్లే చేసుకుంటారా, బయటివాళ్లతోనా? సరుకు ఆపే అధికారం ల్యాబ్‌కి ఉందా, ప్రొడక్షన్ సంతకం కూడా కావాలా? మానేసిన మనిషి ఎందుకు మానేశాడు? జూన్ 2026 దాకా ఆగుతారా, ఆగలేకపోతే నెలకి పది రోజులు అక్కడా మిగతా రోజులు ఇంటినుంచి ఫైళ్లూ చూసుకోవడం కుదురుతుందా?